టీచరమ్మగారి పైన్ చెట్టుకు నీళ్లు పోయనిది నేనే

టీచరమ్మగారు పోయారన్న కబురు వచ్చేసరికి నా చేతిలో పార ఉంది. ఆవిడ దొడ్లో, ఆవిడ పెంచుకున్న పైన్ చెట్టు మొదట్లో నిలిచిపోయిన నీళ్లను బయటికి తీయడానికి, వెలుగు రాగానే మొదలుపెట్టి బోదె తవ్వుతున్నాను. పాస్టరుగారు గేటు దగ్గరే బండి ఆపి, "బందరు ఆస్పత్రి నుంచి ఫోన్ చేశారమ్మా. టీచరమ్మగారు ఇక లేరు" అన్నారు. నేను తవ్వడం ఆపలేదు. ఇంకో రెండు మూరలు తవ్వితే ఆ నీళ్లు రోడ్డు పక్క కాలువలో పడతాయి. వినపడలేదేమోనని ఆయన మళ్లీ చెప్పారు. వినపడిందండీ అన్నాను. ఆ రెండు మూరలూ తవ్వి, నీళ్లు కదలడం కళ్లతో చూసి, అప్పుడు పార పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాను.

ఊళ్లో అది వేరే కథ అయింది. నలభై ఏళ్ల స్నేహితురాలి చావు కబురు విని కూడా పని మానని మనిషి అన్నారు. అంతకంటే పెద్ద మాట సమాధుల తోటలో వచ్చింది. పెట్టె కిందికి దించాక టీచరమ్మగారి చెల్లెలు, గుడివాడలో ఉంటారావిడ, పదిమందీ వింటుండగా నా వైపు చెయ్యి చూపించి, "మా అక్క ప్రాణంలా పెంచుకున్న చెట్టుని నీళ్లు పోయకుండా ఎండగట్టింది ఈవిడే" అన్నారు. ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. మనిషి మీద ఇంకా మట్టి కూడా పడలేదు. అక్కడ నోరు పెద్దది చేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఇవాళ చెప్తాను.

వచ్చే ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజు పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నారు. టీచరమ్మగారిని ఎరిగినవాళ్లందరినీ తలా నాలుగు మాటలు చెప్పమన్నారు. పక్కింట్లో ఉన్నదాన్ని, నన్ను అడక్కుండా ఉండలేరు కదా. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే రాస్తున్నది ఎవరనుకున్నారు, ఆ గుడివాడమ్మగారే. ఇంకెవరినైనా పిలుస్తానన్నారు పాస్టరుగారు. వద్దు, ఆవిడ చేతే రాయిస్తానన్నాను. నన్ను అన్న మనిషి చెయ్యే నా మాట రాయాలి. రాసినదంతా ముక్కముక్కకీ చదివించుకుంటున్నాను. ఇందాక 'ఎండగట్టింది' అన్నచోట 'సరిగా చూసుకోలేదు' అని మెత్తగా చదివారు. సమాధుల తోటలో మీరు అలా అనలేదు, అన్నది అన్నట్టు రాయండి అన్నాను. కొట్టేసి రాశారు.

ఆదివారం పందిరి ఆ దొడ్లోనే వేయాలట. కొసలు ఎండిన చెట్టు విరిగి పందిరి మీద పడుతుందని, రేపు గురువారం దాన్ని కోయించడానికి రంపం మిషన్ మనిషిని మాట్లాడారు. ఆ చెట్టుకు ఒక్క వానాకాలం గడువివ్వండి. నేను అడిగేది అంతే. నా మీద పడిన నింద సంగతి తరవాత చూసుకోవచ్చు.

ఇది చదివేవాళ్లలో చాలామంది ఆవిడ దగ్గర సైన్సు చదువుకున్నవాళ్లే ఉంటారు. మీకు ఆవిడ బళ్లో తెలుసు. నాకు దొడ్లో తెలుసు. నేను నాట్లకీ కలుపులకీ వెళ్లే మనిషిని. ఆవిడ ఒంటరి మనిషి, కొత్తగా ఉద్యోగానికి వచ్చి మా పక్క ఇంట్లో దిగారు. నాకంటే నాలుగేళ్లు చిన్న. నన్ను అక్కా అనేవారు. నేను టీచరమ్మా, మీరు అనేదాన్ని. అక్కని మీరు అంటారా ఎవరైనా అని నవ్వేవారు. చదువు నేర్పుతానని మూడుసార్లు పలక పట్టుకొచ్చారు. నేను పడలేదు. నాకు అక్షరాలు వస్తే మీరు నాతో మాట్లాడటం మానేసి చీటీలు పంపుతారు అన్నాను. పలక తీసుకెళ్లి దాని మీద వడియాలు పెట్టుకున్నారు.

ఒక ఏడాది పిల్లల్ని తీసుకుని అరకు వైపు కొండలకు విహారయాత్రకు వెళ్లారు. వచ్చేటప్పుడు పాల కవర్లలో మూడు మొక్కలు తెచ్చారు. ఆకులు లేవు, సూదులు ఉన్నాయి. ఇదేమిటి సరుగుడు మొక్కలు తెచ్చుకోవడానికి అంత దూరం వెళ్లారా, సముద్రం ఒడ్డున పీక్కోవచ్చుగా అన్నాను. మర్నాడు ఒక సరుగుడు రెబ్బ ఎక్కణ్నుంచో తెచ్చి నా ఒళ్లో పెట్టారు. లాగమన్నారు. లాగితే కణుపు దగ్గర టప్పున ఊడి వచ్చింది. ఇంకోటి లాగితే ఇంకో కణుపు. తరవాత కొండ మొక్క సూది లాగమన్నారు. అది మధ్యలో ఊడలేదు, మొదలంటా వచ్చింది. చూస్తే మూడు సూదులు ఒకే తొడుగులో కలిసి ఉన్నాయి. "సరుగుడుకి కణుపులుంటాయి. దీనికి ముగ్గురక్కచెల్లెళ్లు ఉంటారు" అన్నారు. బళ్లో ఏం చెప్పేవారో నాకు తెలియదు గానీ, నాకు చెప్పినవి మాత్రం ఇలా చేతిలో పెట్టి చెప్పేవారు. చాలా ఏళ్ల తరవాత గిలకలదిండిలో ఎవరికో వాసాలు కావాలని తిరిగే బేరగాడొకడు చెట్టును చూసి, సరుగుడు బాగా ఎదిగింది అమ్ముతారా అని అడిగాడు. వాడి చేత సూది లాగించి లెక్కపెట్టించి పంపాను. టీచరమ్మగారు కిటికీలోంచి చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

మన మాగాణి మట్టిలో ఈ కొండ చెట్టెందుకు అని మొదట్లో అడిగాను. ఆవిడ చెప్పిన మాట బాగా గుర్తుంది. "మన దగ్గర పచ్చగా కనపడేదంతా కాలవ నీళ్ల మీద బతికేదే అక్కా. కాలవ కట్టేసిన నాలుగు నెలలూ చూడు, ఊరు ఎలా ఉంటుందో. నీళ్లు లేనప్పుడు కూడా పచ్చగా నిలబడేది ఒక్కటి నా కళ్ల ముందు ఉండాలి." అదే అయితే మీ దొడ్లో నన్ను పాతుకోండి, నాకూ ఎవరూ నీళ్లు పోయలేదు అన్నాను. "నువ్వు పచ్చగా ఎక్కడున్నావు, ఎప్పుడూ మండుతూ ఉంటావు" అన్నారు.

ఇక్కడ నేను దాచకుండా ఒకటి చెప్పాలి. మూడు మొక్కల్లో ఒకటి దారిలోనే వాడిపోయింది. మిగిలిన రెండింట్లో మొదటిదాన్ని చంపింది నేను. పరీక్ష పేపర్లు దిద్దడానికి ఆవిడ పది రోజులు బందరు వెళ్లారు. మొక్క సంగతి నాకేమీ చెప్పలేదు, నేనే నా బాధ్యత అనుకున్నాను. కొబ్బరి మొక్కకు చేసినట్టు చుట్టూ పాదు చేసి, పూటకో బిందె పోశాను. ఎండాకాలం కదా, ఇంకా ప్రేమ ఎక్కువై మధ్యాహ్నం కూడా పోశాను. వారం తిరిగేసరికి సూదులు వేలాడిపోయాయి. దాహం తీరలేదనుకుని ఇంకో బిందె పోశాను. మన చేతులకు వచ్చిన విద్య అదొక్కటే. దేనికి ఏ జబ్బు చేసినా నీళ్లు పెట్టడం.

ఆవిడ వచ్చారు. నేను గేటు దగ్గరే చెప్పేశాను, చచ్చిపోయింది, నేనే చూసుకున్నాను, అయినా చచ్చిపోయింది అని. కోప్పడతారని ఎదురుచూశాను. సంచీ కింద పెట్టి, మొక్కను పీకి, వేరు కడిగి, బ్లేడుతో నిలువునా కోసి నా ముక్కు దగ్గర పెట్టారు. వాసన చూడమన్నారు. కుళ్లిన వాసన. నల్లగా, మెత్తగా ఉంది. "వేరు కూడా గాలి పీలుస్తుంది అక్కా. వరి నీళ్లలో నిలబడి పీల్చగలదు. ఇది పీల్చలేదు. దీన్ని నువ్వు ఎండనివ్వలేదు, ముంచేశావు" అన్నారు. కోపం లేదు ఆ మాటలో. అదే నాకు ఎక్కువ తగిలింది. నా కళ్లు చూసి, "నువ్వు చెయ్యలేదులే, నీ చెయ్యి చేసింది. వరి మడి అలవాటు" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

రెండో మొక్కకు నేనూ ఆవిడా కలిసి దిబ్బ వేశాం. మెరక మీద ఉండాలని సముద్రం వైపు నుంచి ట్రాక్టరు ఇసక తెప్పించారు. అడుగున పగిలిన పెంకులు పరిచాం. ఆ మీద నడుమెత్తు ఇసక. ఊరంతా వచ్చి చూసి, సమాధి కడుతున్నారా అని అడిగారు. మొదటి రెండేళ్లు కొలిచి చెంబుడు నీళ్లు, అది కూడా ఈనెపుల్ల అడిగితేనే. చీపురులోంచి ఒక ఈనె తీసి మట్టిలో జానెడు లోతు గుచ్చేవారు. బయటికి తీస్తే ఇసక అంటుకుని వచ్చిందా, నీళ్లు వద్దు. పొడిగా వచ్చిందా, చెంబుడు. మూడో ఏడు నుంచి ఆ చెంబు కూడా లేదు. వానలే. చెట్టు ఇంటి కప్పు దాటింది. రోహిణి కార్తెలో ఊళ్లో కొబ్బరి మట్టలు కూడా వాలిపోయినప్పుడు అది మాత్రం ముదురు పచ్చగా నిలబడి ఉండేది. ఆవిడ కుర్చీ దాని ఎదురుగా వేసుకుని పేపర్లు దిద్దుకునేవారు. రాలిన సూదులు ఊడ్చి పారేయనిచ్చేవారు కాదు. మళ్లీ దిబ్బ మీదే పరిచేవారు.

క్రిస్మస్‌కి కొమ్మ కొట్టి ఇమ్మని చర్చి వాళ్లు అడిగితే ఒక్క ఏడాది కూడా ఇవ్వలేదు. పిసినారి అన్నారు. నేనూ మనసులో అనుకున్నాను. కావాలంటే పిల్లల్ని ఇక్కడికే తీసుకురండి, పాటలు ఇక్కడే పాడించండి అన్నారు. పాడించారు కూడా. ఆ రోజు పిల్లలందరికీ తలా ఒక సూదుల గుత్తి ఇచ్చి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమన్నారు. ఒక పాప నాలుగు అంది. ఆవిడ కాదనలేదు. ఇంకోసారి లెక్కపెట్టు, నాలుగోది ఎక్కడ దొరికిందో నాకు కూడా చూపించు అన్నారు. నేనయితే నెత్తి మీద ఒకటి ఇచ్చేదాన్ని.

ఈ వేసవిలో ఆవిడకు ఊపిరి ఆడటం కష్టమైంది. బందరు తీసుకెళ్తున్నారు. ఆటోలో కూర్చోబెట్టాక నన్ను దగ్గరికి పిలిచారు. మాటకీ మాటకీ మధ్య ఆగుతూ చెప్పారు. "నేను వచ్చేదాకా దానికి చుక్క నీళ్లు వద్దు. ఎవర్నీ పోయనివ్వకు. లోపలి ఆకు పండితే కంగారుపడకు, అది పాత ఆకు, రాలాలి. కొస పండితే అప్పుడు భయపడు." సరే అన్నాను. "పోట్లాడాల్సి వస్తుంది" అన్నారు. అది మీరు నాకు చెప్పాలా అన్నాను. అంత ఆయాసంలో కూడా నవ్వారు.

అక్కణ్నుంచి మూడు వారాలు నేను ఆ దిబ్బ పక్కనే ఉన్నాను. అక్కను చూసుకోవడానికని గుడివాడమ్మగారు వచ్చి ఆ ఇంట్లో దిగారు. పొద్దున బందరు బస్సెక్కి వెళ్లడం, సాయంత్రం రావడం. వచ్చిన మూడో రోజునే చెట్టు లోపలి ఆకు పండటం మొదలైంది. నాకు ధైర్యంగానే ఉంది, కొసలు పచ్చగా ఉన్నాయి. ఆవిడకు అలా కనపడలేదు. ఆవిడది నందివాడ దగ్గర వ్యవసాయం. పచ్చదనం తగ్గిందంటే మడికి నీళ్లు పెట్టేయాలి.

"అక్క మంచంలో ఉంది, చెట్టు ఎండిపోతోంది, మీరేమో కాపలా కూర్చున్నారు" అన్నారు.

"కూర్చోమన్నారు, కూర్చున్నాను" అన్నాను.

"మనిషన్నాక కాస్త జాలి ఉండాలండీ."

"ఆ జాలి బిందె అవతల పెట్టి మాట్లాడండి."

ఇలా రోజూ. వీధిలో వాళ్లు కూడా ఆవిడ వైపే. ఒకామె గోడ అవతల నుంచి బకెట్టు కుమ్మరించింది. నేను వెళ్లి ఆమె బకెట్టు లాక్కుని మూడు రోజులు ఇవ్వలేదు. ఇంకొకామె, ప్రార్థన చేసి తెచ్చిన నీళ్లు, చెంబుడే కదా అంది. చెంబుడే అయితే మీరే తాగండి అన్నాను. నన్ను రాక్షసి అన్నారు. అననివ్వండి అనుకున్నాను.

ఒక రోజు పొద్దున బందరు నుంచి ఫోన్ వచ్చింది, టీచరమ్మగారు నన్ను చూడాలంటున్నారని. ఆ రోజు గుడివాడమ్మగారు ఇంట్లోనే ఉండిపోయారు, నేను అవనిగడ్డ వెళ్లి బస్సెక్కాను. ఆస్పత్రిలో ఆవిడ చాలా చిన్నగా అయిపోయి ఉన్నారు. ముక్కుకు గొట్టం ఉంది. మొదటి మాట చెట్టు అన్నారు.

"బాగుంది."

"కొసలు?"

"పచ్చగా ఉన్నాయి. ఈనె గుచ్చి చూశాను, జానెడు దాకా పొడే."

"నీళ్లు?"

"చుక్క పడలేదు. మీ చెల్లెలిగారితో రోజూ యుద్ధం."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. కాసేపటికి, "నువ్వున్నావు కదా" అన్నారు. నేను విన్న ఆఖరి మాట అది.

తిరిగి బస్సు దిగి ఊళ్లోకి నడుస్తుంటే మోటారు చప్పుడు వినపడింది. ఎవరిదో అనుకున్నాను. దగ్గరకు వచ్చేసరికి ఆ దొడ్లోంచే. గేటు తీసి చూస్తే దిబ్బ లేదు. దిబ్బ అంచుల్లోని ఇసక లాగి చుట్టూ గట్టు వేశారు, మోకాలెత్తున, వరి మడికి వేసినంత చక్కగా. అందులో నిండా నీళ్లు. నీళ్ల మీద పైన్ సూదులు తేలుతున్నాయి. గుడివాడమ్మగారు చీర ఎగ్గట్టి, పైపు పట్టుకుని నిలబడి ఉన్నారు. ముఖం వెలిగిపోతోంది. నన్ను చూసి దాచలేదు కూడా. "చూశారా ఎంత తాగిందో. పొద్దున్నుంచి పోస్తుంటే ఇప్పటికి నిండింది. పాపం ఎంత దాహంతో ఉందో" అన్నారు.

నేను మోటారు ఆపేశాను. ఆ పూట నేను అన్న మాటలు రాయించను, కూడికలో పంచే పుస్తకం ఇది. పార తెచ్చి గట్టు తెగ్గొట్టాను. పైనున్న నీళ్లు పోయాయి, ఇసకలో దిగినవి పోలేదు. కింద నల్లరేగడి, అది పట్టుకున్న నీటిని వదలదు. అందుకే మర్నాడు బోదె తవ్వుతున్నాను. అప్పుడు పాస్టరుగారు వచ్చారు.

ఇదీ జరిగింది. చుక్క పడలేదు అని నేను ఆవిడతో అంటున్న గంటలోనే ఇక్కడ పైపు పారుతోంది. నేను అబద్ధం చెప్పలేదు. కానీ ఆవిడ అబద్ధం విని వెళ్లిపోయారు. నాకు నిద్ర పట్టనిది దానికి. నన్ను రాక్షసి అన్నందుకు కాదు. పన్నెండు రోజులకు కొసలు పండటం మొదలైంది. ఆవిడ భయపడమన్నది ఇదే.

ఇంతవరకూ రాసి గుడివాడమ్మగారు పెన్ను కింద పెట్టారు. రాయండి అన్నాను. రాయలేదు.

"ఇవన్నీ నాకెవరు చెప్పారు?" అన్నారు.

"రోజూ చెప్పాను."

"రోజూ తిట్టారు. పోయొద్దు అన్నారు. ఎందుకు పోయకూడదో ఒక్కసారి చెప్పారా? లోపలి ఆకు, కొస ఆకు, వేరు ఊపిరి పీల్చడం, ఇప్పుడు చెప్తున్నారు. అక్క మీకు చెప్పింది. నాకు ఎవరూ చెప్పలేదు."

నేను చంపిన మొక్క వేరు కోసి నా ముక్కు దగ్గర పెట్టిన మనిషి టీచరమ్మగారు. నాలుగు సూదులు అన్న పాపను కూడా మళ్లీ లెక్కపెట్టమన్న మనిషి. ఆవిడ దగ్గర నలభై ఏళ్లు ఉండి, ఆవిడ చెప్పినది నేను దాచుకున్నాను. కాపలా కాశాను, అంతే. మూడు వారాల్లో ఒక్క పూట ఈ చెల్లెలిగారి చేతికి ఒక ఈనెపుల్ల ఇచ్చి, గుచ్చి చూడండమ్మా అని ఉంటే, ఆవిడ పైపు పట్టేవారు కాదు. నాకు పోట్లాటే వచ్చింది. ఈ మాట కూడా రాయండి, ఇది నా తప్పు, ఎవరూ మెత్తగా చదవక్కర్లేదు అన్నాను. ఆవిడ రాసి చదివి వినిపించారు. సరిగ్గానే రాశారు.

తరవాత ఆవిడను చెట్టు దగ్గరికి తీసుకెళ్లాను. కొసలు ఎర్రబడిన కొమ్మ వంచి, గోటితో బెరడు గీరమన్నాను. గీరారు. లోపల గోధుమరంగు, చచ్చింది. దాని పైది గీరమన్నాను. అదీ అంతే. ఇంకా పైది నాకు అందదు, ఆవిడ పొడుగు మనిషి, మునివేళ్ల మీద లేచి గీరారు. పచ్చగా తడి వచ్చింది, జిగురు వాసన. ఆవిడ ఆ వేలు అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఇంకో కొమ్మ గీరారు. ఇంకోటి. నేను చెప్పకుండానే చెట్టు చుట్టూ తిరిగి అందినవన్నీ గీరి చూశారు. ఉత్తరం వైపు మొత్తం పోయింది. దక్షిణం వైపు, తల దగ్గర, బతికి ఉంది.

మరి రేపు కోయడం మాటేమిటి అన్నాను. "మనిషికి చెప్పేశాం" అన్నారు. "ఇంకా నెల తిరక్కుండా వానలొస్తాయి. అప్పుడు మళ్లీ ఆ నీళ్లలోనే నిలబడాలి కదా. ఎలాగూ పోయేదాన్ని ఉంచి ఏం చేస్తాం" అన్నారు. అది కూడా నిజమే. బుధవారం చెప్పినది ఇక్కడికి అయిపోయింది.

ఇక మిగిలినది గురువారం సాయంత్రం చెప్తున్నాను.

వాన నెల ఆగలేదు. గురువారం పొద్దున టీ తాగుతుండగా పడమర నల్లబడింది. తొలకరి. ఊళ్లో వాళ్లంతా ఇళ్లలోంచి వీధిలోకి వచ్చి నిలబడ్డారు, ముఖాలు పైకెత్తి. మూడు నెలల నుంచి ఎదురుచూస్తున్న వాన. నేను మాత్రం గోనెసంచులు నాలుగు పట్టుకుని ఆ దొడ్లోకి వెళ్లాను. గోనెసంచి వానను ఆపుతుందా, ఆ మాత్రం నాకూ తెలుసు. ఇంట్లో ఊరికే కూర్చోలేక వెళ్లాను.

అప్పటికే మిషన్ మనిషి వచ్చి ఉన్నాడు. రంపం గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని చూరు కింద నిలబడ్డాడు. గుడివాడమ్మగారు పందిరికని తెచ్చిన నీలం టార్పాలిన్ విప్పి, ఒక్కరే ఈడ్చుకుంటూ చెట్టు దగ్గరికి లాక్కొస్తున్నారు. సగం దూరం వచ్చేసరికి చినుకులు పెద్దవయ్యాయి. నేను సంచులు వదిలేసి రెండో చివర పట్టుకున్నాను. దాన్ని చెట్టు మొదలు చుట్టూ చుట్టి, మిగిలిన దిబ్బ మీదుగా వాలుగా లాగాలి, నీళ్లు బోదెలోకి జారేట్టు. ఒకరికి అరవై దాటి, ఒకరికి డెబ్భై దాటి, గాలి చూస్తే బట్టను పైకి లేపేస్తోంది.

"అమ్మగారూ, ఇంతకీ కోయమంటారా, వెళ్లిపోమంటారా?" అని అరిచాడు చూరు కిందనుంచి.

ఆవిడ వెనక్కి తిరక్కుండా, "ముందొచ్చి ఆ మూల పట్టుకోండి" అన్నారు.

అతను రంపం అరుగు మీద పెట్టి వచ్చి పట్టుకున్నాడు. నాలుగో మూలకు మనిషి లేరు. గుడివాడమ్మగారు కాలితో తొక్కి పట్టారు. రోడ్డు మీద విత్తనం బస్తా సైకిలు మీద పెట్టుకుని వెళ్తున్న రైతు ఒకాయన ఆగి, గోడ మీదుగా తొంగిచూశాడు. దీవిసీమలో తొలకరి నాడు నేల తడవకుండా గుడ్డ పట్టుకున్నవాళ్లను ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. ఏమిటమ్మా ఇది అన్నాడు. నేను నోరు తెరిచాను, పొమ్మందామని. నాకంటే ముందే గుడివాడమ్మగారు అందుకున్నారు. వేళ్లకు గాలి ఆడాలండీ, ఇది వరి కాదు, నీళ్లలో ఊపిరి పీల్చలేదు, అని వానలో గొంతు పెంచి, ఒక్కొక్క మాటా విడదీసి, ఆయనకు అర్థమయ్యేదాకా చెప్పారు.

ఆయన సైకిలు గోడకు ఆనించి లోపలికి వచ్చి నాలుగో మూల పట్టుకున్నాడు.

వాన ముంచేసింది. బతికిన కొమ్మల మీంచీ చచ్చిన కొమ్మల మీంచీ ఒకేలా కారి మా నెత్తి మీద పడుతోంది. నలుగురం నిండా తడిసి, చేతులు లాగేస్తున్నా వదలకుండా నిలబడ్డాం. నేను ఒకసారి వంగి టార్పాలిన్ అంచు కిందికి చెయ్యి పెట్టి చూశాను. ఇసక పొడిగా ఉంది.